ఇంటి వేడిమి: దాచరాని దోషము

ఇల్లు కొనువాడు మనదేశమున చూడని కాగితము లేదు. లింకు దస్తావేజులు చూచును. సబ్ రిజిస్ట్రారు కచేరీనుండి ఈసీ తెచ్చుకొనును. ఇంటిపన్ను రసీదు, నిర్మాణానుమతి, కరెంటు బాకీ అన్నియు విచారించును. సిద్ధాంతిని పిలిచి ఈశాన్యము చూపించును. ఇన్ని జాగ్రత్తలు పడినవాడు ఒక్క ప్రశ్నమాత్రము అడుగడు: వైశాఖమాసపు మధ్యాహ్నమున ఈ యింట మనుష్యుడు కూర్చుండగలడా? అడిగినను బదులు చెప్పు పత్రమేదియు లేదు. ఇరువదివేల రూపాయల ఫ్రిజ్జు ఎంత విద్యుత్తు త్రాగునో నక్షత్రములతో అతికించి అమ్మవలెనను నియమము మనకున్నది. ఏబది లక్షల యింటికి అట్టి నియమము లేదు.

ఇల్లు అమ్మునపుడును, అద్దెకిచ్చునపుడును దాని ఇంధనశక్తి గుణమును తెలుపు ధ్రువపత్రమొకటి ఉండవలెనను ఆలోచన ఇతరదేశములలో ఇరువది సంవత్సరములకు పైబడి ఆచరణయందున్నది. ఐరోపా సమాఖ్య 2002 సంవత్సరపు ఆదేశముచే తన సభ్యదేశములకు దీనిని విధించెను. ఇంగ్లండు, వేల్సులలో 2007లో అమ్మకములకును, 2008లో అద్దెలకును ఇది అమలునకు వచ్చినది. అచ్చట ఇండ్లను ‘ఏ’ మొదలు ‘జీ’ వరకు ఏడు తరగతులుగా విభజింతురు. పత్రము పదేండ్లు చెల్లును. 2018 ఏప్రిల్ నుండి, కొన్ని మినహాయింపులు తప్ప, చివరి రెండు తరగతుల యిండ్లను క్రొత్తగా అద్దెకీయరాదని కట్టడి చేసిరి. 2020 ఏప్రిల్ నుండి పాత అద్దెలకును దానిని వర్తింపజేసిరి. ఫ్రాన్సులోను 2025 జనవరి నుండి కడపటి తరగతి యిల్లు క్రొత్త అద్దెకు తగదని నిర్ణయమైనది. ఇవి చలిదేశములు గదా యని పాఠకులనవచ్చును. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఆస్టిన్ నగరము మనవలెనే ఎండలకు ప్రసిద్ధము, తెలుగువారికి చిరపరిచితము. అచ్చట 2009 నుండి, పదేండ్లు దాటిన యిల్లు అమ్మువాడు దానికి శక్తిపరీక్ష చేయించి, ఫలితమును బేరము ముగియక పూర్వమే కొనువానికి చూపవలెను.

మనదేశమున ఏమియు జరుగలేదనుట న్యాయము గాదు. 2001లో ఇంధన పొదుపు చట్టము వచ్చెను. 2002లో ఇంధన సామర్థ్య మండలి ఏర్పడెను. 2018 డిసెంబరులో నివాసగృహములకై ‘ఎకో నివాస్ సంహిత’ వెలువడెను. గోడలగుండ వేడి చదరపు మీటరునకు 15 వాట్లకు మించి లోనికి రారాదనియు, కప్పు ఎండను ఎంతవరకు అడ్డవలెననియు అది లెక్క కట్టి చెప్పెను. ఇండ్లకు నక్షత్రముల గుర్తులిచ్చు పథకమును ఆ మండలియే ఆరంభించెను. కాని అది ఐచ్ఛికము. 2022లో చట్టమును సవరించి నివాసభవనములనుగూడ దాని పరిధిలోనికి తెచ్చిరి.

అయితే ఈ శాసనములు ఎవరి గడపవరకు వచ్చి ఆగినవో చూడవలెను. సంహిత 500 చదరపు మీటర్లు, అనగా ఇంచుమించు ఆరువందల గజములు, అంతకు మించిన స్థలములందలి కట్టడములకే వర్తించును. సవరించిన చట్టము 100 కిలోవాట్ల విద్యుద్భారముగల భవనములను లక్ష్యముగా జేసికొన్నది; సామాన్యగృహస్థుని మీటరు రెండు మూడు కిలోవాట్లు దాటదు. 2023 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమును మేము మెచ్చుకొంటిమి. అదియు నివాసగృహముల విషయమున ఆరువందల గజములు, అంతకు మించిన స్థలములకే నిర్బంధము. మూడు శాసనములును సంపన్నుని మేడవద్దనే నిలిచిపోయినవి. నూటఏబది గజములలో కట్టిన రెండంతస్తుల దాబా మీది వాటాలో కాపురముండు అద్దెదారుని గూర్చి మూడింటిలో ఒక్కటియు పలుకదు.

ఈ అద్దెదారు ఎవరు? తిరుమలాయపాలెము వంటి మండలములనుండి పిల్లల చదువులకై ఖమ్మము చేరిన కుటుంబములను తలచుకొనుడు. గ్రామమున మట్టిగోడల పెంకుటింట పుట్టిపెరిగిన తల్లి పట్టణమున సిమెంటు స్లాబు క్రింద రెండు గదుల వాటాలో వంట చేయుచున్నది. ఆ స్లాబు పగలెల్ల ఎండను త్రాగి, రాత్రియంతయు దానిని గదిలోనికి విడుచును. ఫంకా ఆ వేడిగాలినే త్రిప్పును. పడమటి గోడ నాలుగంగుళముల ఇటుక, కిటికీ ఒక్కటే, దానికెదురుగా మరియొక కిటికీ లేదు. పరీక్షలకు చదువుకొను పిల్లవాడు అర్ధరాత్రి మేడపైకి చాప తీసికొని పోవలసినదే. ఇంటి యజమానియో, తరచుగా ఆ ప్రాంతపు రైతే. పంటల రాబడి కూడబెట్టి పట్టణమున ఇల్లు కట్టినవాడు. అతడు దుర్మార్గుడు గాడు. కప్పుపై సున్నపు పూత వేయుటకు ఖర్చు తనది, దానివలన కలుగు చల్లదనము మరియొకనిది; కావున వేయడు. అద్దెదారు వేయించుకొందమన్న, ఇల్లు తనది గాదు. వచ్చే యేడు ఉందునో లేదో యని వెనుదీయును. ఇరువురి నడుమ ఆ కప్పు అట్లే మండుచుండును. ఈ చిక్కు ఎవరి మంచితనముతోను విడిపోవునది గాదు. అద్దె కుదురుటకు ముందే గుణదోషములు తెలిసిననే విడిపోవును.

ఇది విదేశీ వింత యని త్రోసివేయువారికి మన న్యాయస్థానములందే నిత్యము వాడుకయందున్న శాసనమొకటి చూపెదము. 1882 సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను, అమ్మువాడు తనకు తెలిసియుండి, కొనువాడు సామాన్యశ్రద్ధతో కనుగొనజాలని ముఖ్యమైన దోషమును వెల్లడింపవలెనని చెప్పుచున్నది. 108వ సెక్షను అద్దెకిచ్చువానికిని అదే బాధ్యత పెట్టినది. ఇల్లు చూచుట సాధారణముగా మాఘ ఫాల్గుణములలో జరుగును. అప్పుడు ప్రతి యిల్లును చల్లగానే యుండును. దోషము రోహిణికార్తెలో బయటపడును. అప్పటికి బయానా చెల్లిపోయినది, బడిలో పిల్లల పేర్లు చేరిపోయినవి. ఆ యింట ఇదివరకు వేసవి గడపిన యజమానికి తెలిసి, క్రొత్తగా వచ్చువానికి తెలియరానిది ఇంతకంటె మరేమున్నది? ధ్రువపత్రము క్రొత్త ధర్మమును కల్పించుట లేదు. పాతధర్మమునకు లెక్కయు కాగితమును సమకూర్చుచున్నది.

మన పూర్వులకు ఇట్టి పత్రములుండెనా యని కొందరడుగుదురు. ఉండలేదు, అవసరమును లేకుండెను. మూరెడు మందపు మట్టిగోడ, దిగువకు వ్రాలిన చూరు, వీధివైపు అరుగు, నడుమ మండువా, పెరటిలో వేపచెట్టు కంటికి కనబడుచునే యుండెను. మిద్దె వేసినవారు సున్నము, ఇటుకముక్కలు దట్టించి గచ్చు చేయించిరి. ఇంటి గుణము ఇంటి రూపమునందే వ్రాయబడియుండెను. నేడు రంగులును, గాజుపలకలును లోపలి పలుచదనమును కప్పిపుచ్చుచున్నవి. కన్ను చెప్పలేనిదానిని కాగితము చెప్పవలసివచ్చినది.

ఇక రెండవ ఆక్షేపణ బలమైనది. మరియొక పత్రమనగా మరియొక బల్ల, ఆ బల్లక్రింద మరియొక చేయి యని మన ప్రజలు భయపడుదురు. ఆ భయము అనుభవమునుండి పుట్టినది. దానిని తేలికగా చూడరాదు. ఇంగ్లండులోను ఒకే యింటికి వేర్వేరు పరీక్షకులు వేర్వేరు తరగతులిచ్చుట కలదని అచ్చటివారే విమర్శించిరి. కావున మేము కోరునది అనుమతిపత్రము గాదు, వెల్లడిపత్రము. వాణిజ్యార్థము గృహములు కట్టి అమ్ము సంస్థలు అర్హతగల పరీక్షకునిచే ధ్రువపత్రము పొందవలెను. 2016 నాటి రెరా చట్టము క్రింద ప్లానులు, అనుమతులు ప్రకటించునట్లే దీనినిగూడ ప్రకటింపవలెను. సామాన్య యజమానికి మాత్రము ఒక్క పుట చాలును. దానిపై సంతకము ఆతనిదే. సబ్ రిజిస్ట్రారు దానిని దస్తావేజుతో జతపరుపవలెనే గాని, అది బాగుగా లేదని రిజిస్ట్రేషను ఆపు అధికారము ఆయనకుండరాదు. రుసుము ఉండరాదు. అబద్ధము వ్రాసినవానిని కొనువాడో అద్దెదారో న్యాయస్థానమునకు ఈడ్చుకొనును.

ఆ పుటలో ఏమి వ్రాయవలెను? కప్పుపై ఏమున్నది: తెల్లపూతయా, గచ్చా, పెంకులా, వట్టి సిమెంటా? గోడలు దేనితో కట్టినవి, ఎంత మందము, పడమటి ఎండకు నీడ యున్నదా? కిటికీలు తెరచినపుడు గాలి వచ్చు వైశాల్యము ఇంటి నేలలో ఎన్నవ వంతు? తేమ హెచ్చుగానుండు ఉష్ణప్రాంతములకు ఆరవవంతును, మిశ్రవాతావరణ ప్రాంతములకు ఎనిమిదవవంతును తగ్గరాదని ఎకో నివాస్ సంహిత నియమించినది. ఎదురెదురు కిటికీలున్నవా? ఈ నాలుగు ప్రశ్నలకు బదులు వ్రాయుటకు గజముబద్దయు, నిజాయితీయు చాలును.

ఒక్క విషయమున మనము ఇతరులను అనుకరింపరాదు. ఇంటి యోగ్యతను కరెంటు బిల్లునుబట్టి నిర్ణయించినచో మోసపోదుము. ఏసీ కొనజాలని కుటుంబము నెలకు నూరు యూనిట్లు కాల్చును. ఆ యిల్లు మిక్కిలి పొదుపైనదని లెక్క తేలును. నిజమునకు అది కుంపటి. 2024లో ఆరంభమైన గృహజ్యోతి పథకము 200 యూనిట్లలోపు వాడు పేదకుటుంబములకు బిల్లు లేకుండ చేసినది. అది పేదలకు మేలే. కాని బిల్లు సున్న యైనంతమాత్రమున గది చల్లబడలేదు. పాడుకప్పుపై ఎండ కురిపించు వేడిని ఫంకాలతోను కూలర్లతోను తరుముటకు ప్రభుత్వ ధనమే వెచ్చమగుచున్నది. కావున కొలవవలసినది కట్టడమును; వాడుకను గాదు.

ఆ విద్యుత్తు ఎచ్చటినుండి వచ్చుచున్నదో ఈ ప్రాంతపువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇల్లందు, కొత్తగూడెము, మణుగూరు గనుల బొగ్గును చూచుచు పెరిగినవారు వీరు. పాల్వంచ పొగగొట్టములు, మణుగూరువద్ద 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రము వీరి యిరుగుపొరుగు. ఉపరితలగనికై త్రవ్విన ప్రతి ఎకరము ఒకప్పుడు అడవియో, చేనో. ఖమ్మములో వేడెక్కిన స్లాబును చల్లార్చుటకు భద్రాచలపు అడవి అంచున నేల చీలుచున్నది. పట్టణపు కప్పునకును కోయగూడెపు చెట్టునకును ఇంతటి చుట్టరికమున్నది.

ప్రభుత్వము ఇతరులకు చెప్పుటకు పూర్వము తన యింటినుండి మొదలుపెట్టవలెను. ఇందిరమ్మ ఇండ్ల పథకము 2024 మార్చి 11వ తేదీన భద్రాచలముననే ఆరంభింపబడెను. స్థలమున్న పేదవానికి 5 లక్షల రూపాయలు, మొదటి విడతలో నియోజకవర్గమునకు 3,500 ఇండ్లు అని ప్రకటించిరి. ఈ యిండ్లు రెండు మూడు తరములు నిలుచును. నేడు వట్టి స్లాబు పోసి విడిచినచో ఆ తరములన్నియు దాని క్రింద కాగవలసినదే. ప్రతి యింటి బిల్లు చెల్లింపునకు ముందు కప్పుపై తెల్లపూతయు, ఎదురెదురు కిటికీలును ఉన్నవని ఆ యొక్క పుటపై వ్రాయించినచో, పత్రమనగా నేమో ప్రజలకు అనుభవముచే తెలియును. పిమ్మట విద్యుద్భారపు హద్దును తగ్గించుటకు 2022 సవరణయే రాష్ట్రములకు అధికారమిచ్చినది. ఆరువందల గజముల గీతను చెరిపి చిన్న స్థలములకును నియమమును దింపుట అసాధ్యము గాదు.

ఇండ్లు గల మహాశయులకు మా మనవి యొకటి. శాసనము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. శివరాత్రి దాటకముందే కప్పుపై తెల్లసున్నము వేయింపుడు. కిరాయినామాలో అద్దె, అడ్వాన్సు, నీటిపంపుల షరతులతోపాటు కప్పుపై నేమున్నదో ఒక పంక్తి వ్రాయుడు. అద్దెకు పోవువారు ఆ పంక్తిని అడుగుడు. లేనిచో మధ్యాహ్నము మూడుగంటలకు మీదివాటా మెట్లెక్కి గదిలో పావుగంట కూర్చుండి రండు. భూమి అమ్మునపుడు సరిహద్దులు దాచినవానిని మన పల్లెలు క్షమింపవు. ఇంటి వేడిమిని దాచుటయు అట్టి నేరమేయని లోకము గుర్తించిననాడు పత్రము తనంతట వచ్చును.