చక్రం ఆపి రాష్ట్రం తెచ్చినోళ్లకు డబుల్ డ్యూటీలేనా?

మంథని బస్టాండుల గంటసేపు నిలబడితే సర్కారు కొలువుల లెక్క కండ్లముందే తేలుతది. కాళేశ్వరం బస్సైనా, పెద్దపల్లి బస్సైనా ఎక్కేటోళ్లు పెరిగిండ్రు. నడిపేటోళ్లు తగ్గిండ్రు.

2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఆర్టీసీ కార్మికుడు స్టీరింగు వదిలినంకనే ఢిల్లీకి సెగ తాకింది. జీతం పోతదని తెలిసే వదిలిండు. నీళ్లు, నిధులు, నియామకాలు అని మేం నినదించినప్పుడు ఆ మూడో మాటకు అర్థం ఒక్కటే. ఖాళీలు నిండాలె, మన పిల్లలకు కొలువు రావాలె, ఉన్నోళ్ల నెత్తి మీద బరువు దిగాలె. 1985 నాటి 610 జీవో అమలు కోసం ఏండ్లకేండ్లు కొట్లాడింది దేనికి మరి?

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. ఆ తర్వాత పదేండ్లు ఆర్టీసీల డ్రైవర్, కండక్టర్ కొలువుకు నోటిఫికేషన్ పడలె. 2019 అక్టోబర్ 5న సమ్మెకు దిగినోళ్లు దాదాపు 48 వేలు. ఖాళీలు నింపుమన్నది వాళ్ల డిమాండ్లల్ల ఒకటి. 52 రోజులు గోసపడితే దక్కిందేంది? రిటైర్మెంటు వయసు 60కి పెంచి ఖాళీల మీద గుడ్డ కప్పిండ్రు, యూనియన్ల నోరు మూసిండ్రు. 2025 నాటికి సిబ్బంది 40 వేలకు అటూ ఇటూ. (ఆర్టీసీ ఒక్కటే కాదు. 4,91,304 సర్కారు పోస్టులల్ల 1,91,126 ఖాళీ అని బిస్వాల్ కమిటీయే తేల్చింది.)

సర్కారు మారింది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడబిడ్డలకు ఉచిత ప్రయాణం. మేం దాన్ని తప్పు పట్టం. కూలికి పోయే తల్లి, కాలేజీకి పోయే చెల్లె బస్సెక్కుడు మంచిదే. 2025 జులైల 200 కోట్ల ప్రయాణాలని సంబురం చేసిండ్రు. ఆ 200 కోట్ల జీరో టికెట్లు ఎవల వేళ్లు కొట్టినయి? యాభై మంది కూసునే బస్సుల నూరు మంది నడుమ నలిగిన కండక్టరువి కాదా? కండక్టర్ లేని బస్సులల్ల డ్రైవరే టిమ్ మిషన్ పట్టి, చిల్లర లెక్కజూసి, మళ్ల స్టీరింగు పట్టాలె. లెక్క తేడా వస్తే మెమో. అలసి కన్నంటుకుంటే ఛార్జిషీటు. బస్సుల ఉన్నోళ్ల పానాలకు జవాబెవరు?

2024ల 3,035 పోస్టులకు ఓకే చెప్పినమన్నరు. పేపర్లల్ల పెద్ద బొమ్మలు. జాబితా తీసి చూస్తే 2,000 డ్రైవర్లు, 743 శ్రామిక్‌లు, మిగిలినయి ఆఫీసర్లు, ఇంజనీర్లు, డాక్టర్లు. అండ్ల కండక్టర్ పోస్టు ఒక్కటి లేదు! 2025 సెప్టెంబర్‌ల నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ డ్రైవర్లు కూడా 1,000కి దిగిండ్రు. జనం ఎక్కుడు పెరిగినంక కండక్టర్లు అక్కెర లేదని ఏ మేధావి లెక్క గట్టిండో!

దొరల సర్కారును అడిగినట్టే ఇందిరమ్మ సర్కారునూ అడుగుతున్నం. డిపోల వారీగా ఖాళీల లెక్క బయటపెట్టుండ్రి. మంథని డిపో నుంచే మొదలువెట్టుండ్రి. మిగిలిన డ్రైవర్ పోస్టులకు, కండక్టర్ పోస్టులకు తారీఖు చెప్పుండ్రి. బలవంతపు డబుల్ డ్యూటీ ఆపుండ్రి. డిగ్రీ పట్టాలతోని కోచింగ్ సెంటర్ల చుట్టు తిరుగుతున్న తమ్ముళ్లు, డిపో గేటు కాడ కార్మికులు కూసున్న నాడు పక్కకు వచ్చి కూసోవాలె. ఆ ఖాళీలు మీయే.