గాలి మీటరూ, గరిష్ఠ వేగం పిచ్చీ

మొన్న ఆదివారం మా కాంప్లెక్స్‌లో ఉండే కుర్రాడొకడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. "అన్నా, ఈ రెండిట్లో ఏది కొనమంటావ్? ఇది గంటకు 90 మైళ్ళ దాకా చూపిస్తుందట, అది 130 దాకా. పెద్దదే తీసుకుందామనుకుంటున్నా" అన్నాడు. డాలస్ వచ్చి రెండేళ్ళయింది మనవాడు. వచ్చే మే నెలలో ఓక్లహోమా వెళ్ళి టోర్నడోల వెంట పడాలని ప్లాను. దానికి చేత్తో పట్టుకునే గాలి మీటరు కావాలి.

"130 మైళ్ళ గాలిలో దాన్ని పట్టుకుని నిలబడేదెవరు తమ్ముడూ?" అన్నాను. వాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చివర్లో చెప్తా.

మన సాఫ్ట్‌వేర్ జనానికి ఒక జబ్బుంది. ఏం కొన్నా పెద్ద అంకె ఎక్కడుందా అని వెతుకుతాం. కెమెరాకి మెగాపిక్సెళ్ళు, ఫోనుకి ర్యామ్, గాలి మీటరుకి గరిష్ఠ వేగం. అమ్మేవాళ్ళకి మన సంగతి తెలుసు కాబట్టి డబ్బా మీద దాన్నే పెద్దక్షరాల్లో వేస్తారు.

కాస్త లెక్క చూద్దాం. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. అమెరికా వాతావరణ శాఖ 58 మైళ్ళ గాలి దగ్గరే ఉరుముల గాలివానని 'తీవ్రం' అంటుంది. టోర్నడోలని కొలిచే ఈఎఫ్ స్కేలు 65 దగ్గర మొదలవుతుంది. కొమ్మలు విరిగి గాల్లో ఎగిరే చోట చెయ్యెత్తి రీడింగ్ తీసుకుంటారా ఎవరైనా? 130 అనేది మీటరు తట్టుకునే వేగం. మనిషి తట్టుకునేది కాదు.

ఇంకో మాట. టోర్నడో రేటింగు మీటర్లతో ఇచ్చేది కూడా కాదు. 2007 నుంచి అమెరికాలో వాడుతున్న ఈఎఫ్ స్కేలు జరిగిన నష్టాన్ని చూసి వేగాన్ని అంచనా కడుతుంది. 2013 మే 31న ఎల్ రీనోలో వచ్చిన టోర్నడోలో ట్రక్కు మీది రాడార్ 300 మైళ్ళకి దగ్గర్లో గాలులు చూసింది. అయినా నష్టాన్ని బట్టి రేటింగు ఈఎఫ్3 దగ్గరే ఆగింది. మన చేతిలో డబ్బా తేల్చేది ఏమీ లేదక్కడ.

మరి మీటరు దండగా? కాదు. సుడి లోపల కాకుండా, తుఫానుకి దూరంగా దాని చుట్టూ ఏం జరుగుతోందో తెలుసుకోడానికి పనికొస్తుంది. అందుకే నేనైతే చూసేవి ఇవి:

ఒకటి, ఎన్ని సెకన్ల సగటు చూపిస్తుంది? ఈదురుగాలి వేగాన్ని 3 సెకన్ల సగటుగా లెక్కించడం ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతి. తుఫాను స్థిరవేగానికి మన దేశంలో 3 నిమిషాల సగటు, అమెరికాలో 1 నిమిషం. సగటు చెప్పని అంకె యూనిట్లు రాయని వేరియబుల్ లాంటిది.

రెండు, ఉష్ణోగ్రత, తేమ. వేగం కన్నా ఇవే ముఖ్యమంటాను. వెచ్చగా, తేమగా తుఫాను వైపు పోతున్న గాలి ఉన్నట్టుండి చల్లబడి ఎదురు తిరిగిందంటే, తుఫాను చిమ్మే గాలి మీ దాకా వచ్చేసినట్టే.

మూడు, లోపలి చిన్న ఫ్యాను మనమే మార్చుకోగలగాలి. దుమ్ముకి ముందు పాడయ్యేది అదే. ఫ్యాను మీటరుని గాలికి ఎదురుగా పట్టుకోవాలి, పక్కకి తిరిగితే తక్కువ చూపిస్తుంది. గిన్నెలు తిరిగే రకానికి ఆ బాధ లేదు.

నాలుగు, ఫోను లేకుండా పనిచెయ్యాలి.

ఇవన్నీ ఉన్నా, కొలిచే పద్ధతి తెలియకపోతే చెత్తే వస్తుంది. కారు నడుస్తుంటే దాని వేగం కలుస్తుంది. ఆగినా కారు పైన గాలి వేగం మారిపోతుంది. అధికారిక కొలత బయలు ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తున. మన చెయ్యి రెండు మీటర్లు.

"పెద్దది కొంటే తప్పేంటన్నా, వాడకపోతే సరి" అన్నాడు వాడు. తప్పు అక్కడే ఉంది. చేతిలో ఉన్న అంకె మనల్ని ముందుకి లాగుతుంది. టిమ్ సమారస్ ఇంజనీరు. 2003లో సౌత్ డకోటాలో టోర్నడో దారిలో పరికరం పెట్టి, 100 మిల్లీబార్ల పీడనం పడిపోవడాన్ని రికార్డు చేశాడు. జాగ్రత్తపరుడని పేరు. అలాంటి మనిషి, కొడుకు పాల్‌తో, సహచరుడు కార్ల్ యంగ్‌తో కలిసి ఎల్ రీనోలోనే పోయాడు. మన అనుభవమెంత?

నా సంగతి చెప్తానన్నాను కదా. మూడేళ్ళ క్రితం విచిటా ఫాల్స్‌కి పడమర, నేనూ, నా స్నేహితుడూ. మీటరులో 52 కనిపించింది. వాడు పోదాం అన్నాడు. 58 వస్తే 'కొలిచిన గాలి' అని రిపోర్టు ఇవ్వొచ్చని నేనే ఇంకో రెండు నిమిషాలు ఆపాను. ఈలోగా వడగళ్ళు పడ్డాయి. కారు అద్దం పోయింది, వాడి కనుబొమ్మ మీద ఆరు కుట్లు. హాస్పిటల్‌కొచ్చిన వాళ్ళావిడ నన్ను తిట్టలేదు. "ఇంతకీ ఎంతొచ్చింది అన్నయ్యా?" అని మాత్రం అడిగింది.

54. ఆ అంకె ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు.

కాబట్టి తమ్ముళ్ళూ, చిన్నదే కొనండి. అందులో 40 కనిపించగానే కారెక్కండి.