రెండు దరుల చుట్టరికము



అయిజ ప్రాంతమున పుట్టి మంత్రాలయమున మెట్టిన యొక కోడలిని తలచుకొందము. పుట్టినిల్లు తెలంగాణము, మెట్టినిల్లు ఆంధ్రము. 2014 వరకు రెండును ఒక్క రాష్ట్రమే. పెండ్లిపనులకై మొదలిడిన వాట్సాప్ గ్రూపులో ఇరువైపుల చుట్టములును నేటికిని ఉన్నారు. 2021లో రాజోలిబండ కుడికాలువను గూర్చి రెండు ప్రభుత్వములకు తగవు ముదిరినప్పుడు ఇట్టి గ్రూపులలో ఏమి జరిగియుండునో మీకు చెప్పనక్కర లేదు. అన్నగారు “మా నీరు” అని యొకటి పంపును. మరిది “దొంగలెవరు?” అని వేరొకటి పంపును. రెండును వారు వ్రాసినవి కావు. నడుమ కోడలికి అత్తగారి హితవు: “నీకెందుకమ్మా రాజకీయాలు?”

ఈ హితవును మేము అంగీకరింపము. బోరు ఎండిననాడు బిందె మోయునది ఎవరు? కోసిగి పల్లెలనుండి బిడ్డను చంకనిడుకొని గుంటూరు సీమకు మిరపకాయలు కోయ వలసపోవునది ఎవరు? నీటిమాట ఆమె మాటయే.

అయితే ఆ మాటలో నిజమెంత? రాజోలిబండ ఆనకట్ట మంత్రాలయమునకు ఎగువనున్నది. దాని యెడమకాలువకు బచావత్ ట్రిబ్యునలు ఇచ్చినది 17.1 టీ.ఎం.సీ.లు, అందు 15.9 నేటి తెలంగాణమునకు, 1.2 కర్ణాటకమునకు. (ఒక టీ.ఎం.సీ. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు.) ఆ నీరు కాలువ చివరి చేలకు పూర్తిగా అందుట లేదని అయిజవారి మొర. కుడిదరిని కోసిగివారు నదిని కన్నులార చూతురే గాని, 2021 నాటికి అచ్చట వారికి కాలువయే లేదు. 2013లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునలు కుడికాలువకు 4 టీ.ఎం.సీ.లు చెప్పినది, కాగితముపై నీరు వేరు, కాలువలో నీరు వేరు. అన్నగారును అబద్ధమాడలేదు, మరిదియు ఆడలేదు. ఇద్దరి బాధయు నిజమే. ఆ సందేశములు వ్రాసిన యజ్ఞాతునకు మాత్రము ఏ చేనును లేదు.

నలువదిమంది చూచుచుండగా “నాకింత తెలియదు” అని యొప్పుకొను మగవాడు అరుదు. (ఆడువారమును అంతే ననుకొనుడు.) అందుచేత గ్రూపులో పెరుగునది పంతమే గాని తెలివి కాదు. ఒక సందేశమును మనదేశమున ఒకమారు అయిదుచోట్లకు మించి పంపరాదని వాట్సాప్ వారే 2018లో కట్టడి చేసిరి. పలుచేతులు మారినదానిని ఒకమారు ఒక్కచోటికే యని 2020లో మరింత బిగించిరి. నడపువారే వెరచిన వేగము మనకేల ముద్దు? “ఇది ఎవరన్నది, ఏయేటిది, ఏ కాలువది?” అని అడుగక ముందు దేనిని ముందుకు త్రోయకుడు. మౌనమును కూడ వలదు. మౌనమున కోపము ఊరగాయవలె ఊరును. పండుగనాటికి అన్న రాకపోకలు మానుకొనును.

కోడలు గ్రూపులో బదులు వ్రాయనక్కర లేదు. ఆ సాయంకాలము మరిదిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇద్దరు వినునట్లు అన్నకు ఫోను చేసి, “అన్నా, ఈ ఏడు మన చేనికి ఎన్ని తడులు అందినాయి?” అని అడుగవలెను. ట్రిబ్యునలు దీనికి జవాబు చెప్పలేదు. అన్న చెప్పును, మరిది వినును. పిమ్మట మరిది తన చేని సంగతి చెప్పును.