సంఘ చరిత్ర పుటల నుండి: బంగళా విడిచిన పాదిరులు

మీ సంఘానికి పాస్టరుగారిని నియమించే హక్కు ఊరి భూస్వామి చేతిలో ఉంటే ఎలా ఉంటుంది? స్కాట్లాండు దేశంలో 1712 నాటి చట్టము జమీందారులకు సరిగ్గా ఆ హక్కునే ఇచ్చింది.

1834లో ఆక్టరార్డర్ అనే ఊరికి అక్కడి జమీందారు ఒక బోధకుణ్ణి పంపాడు. ఆయన కావాలని సంతకం చేసిన సంఘస్థులు ఇద్దరే. వద్దన్న కుటుంబ పెద్దలు 287 మంది! వ్యాజ్యము లండను దాకా పోయింది. 1839లో తీర్పు జమీందారు పక్షాన వచ్చింది.

1843 మే 18న ఎడింబరోలోని సెయింట్ ఆండ్రూస్ దేవాలయములో సంఘ మహాసభ కూడింది. ప్రార్థన అయిన వెంటనే మోడరేటరు డేవిడ్ వెల్ష్ గారు నిరసన పత్రము చదివి, బల్ల మీద ఉంచి, రాణిగారి ప్రతినిధికి వందనం చేసి బయటికి నడిచారు. వెనుకనే థామస్ చామర్స్ గారు, వారి వెనుక వరుసగా పాదిరులు, సంఘ పెద్దలు. వీధుల్లో జనం చూస్తుండగా టాన్‌ఫీల్డ్ హాలుకు నడిచి వెళ్లి స్వతంత్ర సంఘముగా ఏర్పడ్డారు. దేశంలోని సుమారు 1,200 మంది పాదిరులలో 470 మందికి పైగా ఇలా బయటికి వచ్చారు.

సభలో లేచి నడవడం కొద్ది నిమిషాల పని. అసలు పరీక్ష ఇంటికి వెళ్లాకే అని నాకు తోస్తుంది. జీతం పోయింది, గుడి పోయింది. పాదిరి అమ్మగారు సామాను సర్ది, పిల్లలను వెంటబెట్టుకొని బంగళా ఖాళీ చేయాలి. అద్దెకు గది దొరకడమే కష్టమైన ఊళ్లు కూడా ఉన్నాయి. చామర్స్ గారు ముందే ఒక ఏర్పాటు ఆలోచించారు: పేదవారు సైతం వారానికి ఒక్క పెన్నీ ఇవ్వాలి, అదంతా ఒకే నిధిలో చేర్చి పాదిరులకు సమంగా పంచాలి. మన స్త్రీల సమాజము వారి పిడికెడు బియ్యం వంటిదే.

మన దేశంలోని స్కాట్లాండు మిషనరీలు కూడా స్వతంత్ర సంఘములోనే చేరారు. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ గారు తాను కట్టించిన కళాశాల భవనాన్నే వదులుకొన్నారు. మద్రాసులో జాన్ ఆండర్సన్ గారు 1837లో ప్రారంభించిన పాఠశాల కూడా ఇటే వచ్చింది. ఎందరో తెలుగువారు చదువుకొన్న మద్రాసు క్రిస్టియన్ కాలేజీ దానినుండి ఎదిగినదే.

ఒక మచ్చ కూడా చెప్పాలి. ఈ సంఘము 1844లో అమెరికాలోని బానిసల యజమానుల నుండి చందాలు తీసుకొంది. బానిసత్వము నుండి తప్పించుకొన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1846లో స్కాట్లాండు వచ్చి, ఆ డబ్బు తిప్పి పంపమని ఊరూరా అడిగాడు. పంపలేదు.

గుడికి సెంటు స్థలం ఇవ్వని జమీందారులూ ఉన్నారు. అటువంటి స్ట్రాంటియన్ ప్రాంతములో విశ్వాసులు చందాలు వేసుకొని 1846లో గుడిగా ఒక ఓడనే కట్టించి, సముద్రపు పాయలో ఒడ్డుకు దగ్గరగా లంగరు వేశారు. ఆదివారము పడవల్లో వెళ్లి ఆరాధించేవారు. నూరుమంది ఎక్కితే ఓడ ఒక అంగుళం దిగేదట. ఏ బోధకునికి ఎంతమంది వచ్చారో నీళ్ల గీత చూసి చెప్పుకొనేవారట!