ఓరుగల్లు రూపాయి ఎక్కడికి పోతోంది?

మున్సిపల్ కౌన్సిల్ సమావేశం అనగానే మనకు గుర్తొచ్చేవేమిటి? మోరీలు, వీధి లైట్లు, నల్లాలు, కుక్కల బెడద. కార్పొరేటర్ లేచి నా డివిజన్‌లో సీసీ రోడ్డు ఏదని అడుగుతాడు. అధికారి ఫైలు నడుస్తోందంటాడు. ప్రతిపక్షం పోడియం దగ్గరికి పోతుంది. కొంత లొల్లి, కొంత నవ్వులు. మధ్యాహ్నానికి బడ్జెట్‌కు ఆమోదం, ఆ తర్వాత భోజనాలు. ఏండ్లుగా ఇదే తంతు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఈ నగరంలో పుట్టిన పిల్లలు ఈ నగరంలోనే బతకడానికి మీ దగ్గరున్న ప్రణాళిక ఏది?

మోరీలు వద్దని మేం అనడం లేదు. వానొస్తే మునిగే బస్తీల గోస మాకు తెలుసు. కానీ కొలువు లేని పిల్లగానికి మోరీ కట్టించి ఇస్తే సరిపోతుందా? పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని హైదరాబాద్ హాస్టళ్లలో ముసలోళ్లవుతున్న వాళ్లు ఏ ఊరి పిల్లలు? నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం అరిచింది ఢిల్లీకి, హైదరాబాద్‌కు మాత్రమే వినబడాలనా? మన గల్లీ పక్కనున్న కార్పొరేషన్ ఆఫీసుకు వినబడొద్దా?

మూడో అంశం ఎటు పోయింది?

ఆర్థికాభివృద్ధి మా పని కాదు, మాకు అధికారం లేదని పాలకులు తప్పించుకుంటారు. ఇది సగం నిజం. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో పన్నెండో షెడ్యూల్ వచ్చింది. మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలు అందులో ఉన్నాయి. వరుస చూడండి. రోడ్లు, వంతెనలు నాలుగో అంశం. నీటి సరఫరా ఐదోది. వీధి లైట్లు ఎక్కడో పదిహేడో అంశంలో ఉన్నాయి. వీటన్నిటికన్నా ముందు, మూడో అంశంగా రాసి ఉన్నది ఆర్థిక, సామాజిక అభివృద్ధి ప్రణాళిక. పదిహేడో అంశం కోసం బల్లలు గుద్దే సభలో మూడో అంశం ఎజెండాకు ఎందుకు ఎక్కదు?

మిగతా సగం నిజం కూడా చెప్పుకుందాం. ఈ అధికారాలు ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలు. సమైక్య పాలకులు ఇవ్వలేదు. సొంత రాష్ట్రం వచ్చాక వచ్చిన ఏ పార్టీ సర్కారూ మనసారా ఇవ్వలేదు. మాస్టర్ ప్లాన్ చేసేది కుడా. 2016లో వరంగల్ స్మార్ట్ సిటీగా ఎంపికైతే ఆ పనుల కోసం వేరే కంపెనీయే పెట్టారు. ఆ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. అద్దాలు బిగించారు, రంగులేశారు. దానివల్ల ఎంతమందికి శాశ్వత ఉపాధి దొరికిందని లెక్క అడిగిన కౌన్సిల్ తీర్మానం ఏది? ఢిల్లీ దగ్గర అధికారం ఆగిందని అరిచిన మనం, అదే అధికారం హైదరాబాద్‌లో ఆగితే మౌనంగా ఉండాలా?

మిల్లు పోయింది, పాఠం నేర్వలేదు

వరంగల్‌కు పరిశ్రమ కొత్త కాదు. 1934లో నిజాం కాలంలో ఆజంజాహి మిల్లు మొదలైంది. చుట్టుపక్కల పండిన పత్తి ఇక్కడే దారమైంది, ఇక్కడే బట్టయింది. మిల్లు జీతంతో ఇండ్లు లేచాయి, పిల్లలు చదివారు, హోటళ్లు, కిరాణా దుకాణాలు నడిచాయి. తర్వాత మిల్లు జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి పోయింది. 2002లో మూతపడింది. కార్మికులను పైసలిచ్చి పంపించారు. బట్ట తయారైన నేల మీద ప్లాట్ల హద్దురాళ్లు లేచాయి. ఒక నగరం తన అన్నం కుండను అమ్ముకున్న కథ ఇది.

కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ కథ పిల్లలకు కూడా తెలుసు. 1980లలో మనకు రావాల్సింది పంజాబ్‌లోని కపుర్తలకు పోయింది. 2014 విభజన చట్టంలోనూ రైల్ కోచ్ ఫ్యాక్టరీ మాట సాధ్యాసాధ్యాల పరిశీలన దగ్గరే ఆగింది. చివరికి 2023 జులై 8న ప్రధాని రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. దాదాపు నలభై ఏండ్ల ఎదురుచూపు! దరఖాస్తు పట్టుకుని నిలబడటమే అభివృద్ధి వ్యూహం అనుకున్న ఊరికి దొరికే ఫలితం ఇదే.

2017 అక్టోబర్ 22న కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది రాయి పడింది. సూరత్‌కు, భీవండికి వలసపోయిన మన నేతన్నలు తిరిగొస్తారన్నారు. కేరళ నుంచి కైటెక్స్, కొరియా నుంచి యంగ్‌వన్ వచ్చాయి. 2023లో కేంద్రం పీఎం మిత్ర జాబితాలోనూ వరంగల్ చేరింది. మంచిదే. మేం పరిశ్రమలకు వ్యతిరేకం కాదు. కానీ కంపెనీ రావడం వేరు, ఊరు బాగుపడటం వేరు. యంత్రం బయటిది, మేనేజర్ బయటివాడు, లాభం బయటికి. భూమి మనది, నీళ్లు మనవి, తక్కువ జీతం మనది. ఇట్లయితే దాన్ని అభివృద్ధి అనాలా, అడ్డా కూలి అనాలా?

ప్రెస్టన్ ఏం చేసింది?

ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ అనే పట్టణం ఉంది. అదీ వరంగల్ లెక్కనే పత్తి మిల్లుల ఊరు, మిల్లులు పోయి దెబ్బతిన్న ఊరు. అక్కడి పాలకులు కూడా పెద్ద షాపింగ్ ప్రాజెక్టు వస్తే బతుకు మారుతుందని ఎదురుచూశారు. 70 కోట్ల పౌండ్ల ప్రాజెక్టు అది. 2011లో అందులోని పెద్ద కంపెనీ వెనక్కి పోయింది. ప్రాజెక్టు కూలింది. మనం సకల జనుల సమ్మెలో ఉన్న ఏడాదే అది.

అప్పుడు ఆ కౌన్సిల్‌లో చర్చ మొదలైంది. బయటి నుంచి వచ్చే పైసల కోసం చూడటం మాని, ఊళ్లో ఉన్న పైసలు ఎటు పోతున్నాయని చూశారు. ఊళ్లోని పెద్ద ప్రభుత్వ, ప్రజా సంస్థలను కూర్చోబెట్టి కొనుగోళ్ల లెక్క తీశారు. 2012-13లో ఆ సంస్థలు ఖర్చు పెట్టిన ప్రతి 100 పౌండ్లలో ప్రెస్టన్‌లో మిగిలింది 5 పౌండ్లే. చుట్టూ ఉన్న లాంకషైర్ మొత్తం కలిపినా 39. మిగతాదంతా బయటికి పోయింది. టెండర్లను చిన్న ముక్కలు చేశారు. బడి భోజనం కాంట్రాక్టులో గుడ్లు వేరు, పాలు వేరు చేసి స్థానిక వ్యాపారులకు అందేటట్టు చూశారు. 2016-17 నాటికి ప్రెస్టన్ వాటా 18కి, లాంకషైర్ వాటా 79కి పెరిగింది. ఆ నడుమ సర్కారు కోతలతో మొత్తం ఖర్చు తగ్గింది. అయినా ఊళ్లో నిలిచిన డబ్బు పెరిగింది.

ఇందులో మనకు కొత్తేముంది? మన పైసలు ఎటు పోతున్నాయి? ఉద్యమంలో మనం అడిగింది ఈ ప్రశ్నే కదా! రాష్ట్రం స్థాయిలో అడిగిన లెక్క నగరం స్థాయిలో ఎందుకు అడగం?

వెయ్యి పడకల ఎంజీఎం ఆసుపత్రి ఉంది. దుప్పట్లు ఎక్కడివి? అక్కడికి కూతవేటు దూరంలో కొత్తవాడ మగ్గాలున్నాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు గోడకు వేలాడుతోంది, నేతన్న అప్పులోనే ఉన్నాడు. కాకతీయ యూనివర్సిటీ ఉంది, ఎన్ఐటీ ఉంది, వందల హాస్టళ్లున్నాయి. బియ్యం, కూరగాయలు, బల్లలు, యూనిఫారాలు, ముద్రణ పనులు ఎవరికి పోతున్నాయి? పారిశుద్ధ్య కార్మికుల యూనిఫారం ఏ ఊళ్లో కుడుతున్నారు? కౌన్సిల్‌లో ఎన్నడైనా ఈ లెక్క బల్ల మీదికి వచ్చిందా?

ఒకే ఆర్డరు మీద బతకొద్దు

సర్కారు కొనుగోలు మీద ఆధారపడితే ముప్పు లేదా అని ఎవరైనా అడగొచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. సిరిసిల్లను చూడండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరుతో మరమగ్గాలు నడిచాయి. సర్కారు మారాక 2024లో ఆ చీరలు ఆగాయి. నేతన్నల ఇండ్లలో మళ్లీ చీకటి. ఇక్కడ రెండు పాఠాలున్నాయి. సర్కారు కొంటే ఊరు బతుకుతుందన్నది ఒకటి. కొనేవాడు ఒక్కడే అయితే, వాడి రాజకీయం మారిన రోజే మగ్గం ఆగుతుందన్నది రెండోది. అందుకే ఆసుపత్రి, యూనివర్సిటీ, కార్పొరేషన్, హాస్టళ్లు, ఇట్లా పది చేతులు కొనాలి. ఎవరి దయ మీదా కాదు, రాసుకున్న నియమం మీద.

మేం అడిగేది ఇది

ఏ పార్టీ గెలిచినా, మేయర్ కుర్చీలో ఎవరున్నా మేం అడిగేది ఒక్కటే. 66 డివిజన్ల కార్పొరేటర్లు ఒక్క రోజు బతుకుదెరువు మీదనే ప్రత్యేక సమావేశం పెట్టాలి. ఆ రోజు మోరీల ముచ్చట వద్దు. కార్పొరేషన్ ఏడాది కొనుగోళ్ల లెక్క, ఏ ఊరి సంస్థకు ఎంత పోయిందో, ప్రజల ముందు పెట్టాలి. ఎంజీఎం, యూనివర్సిటీ, ఎన్ఐటీ పెద్దలను అదే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. పెద్ద టెండర్లను చిన్న దుకాణదారుకు, మహిళా సంఘానికి, సహకార సంఘానికి అందే సైజుకు విడగొట్టాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ కమిటీ మాట వినకుండా ఒక్క బండి కూడా లేపొద్దు. టెక్స్‌టైల్ పార్కులో స్థానికులకు ఏ కొలువులు, ఎంత జీతంతో వచ్చాయో ఆరు నెలలకోసారి కౌన్సిల్ తెప్పించుకుని చదవాలి.

విద్యార్థులారా, మీ హాస్టల్ బియ్యం ఎక్కడివో అడగండి. ఉద్యోగులారా, టెండరు ఫైలు మీ చేతుల మీదుగానే పోతుంది, అందులో మన ఊరి పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. కౌన్సిల్ సమావేశం రోజు ఆ లెక్కలు పట్టుకుని గేటు ముందు నిలబడదాం. వంటావార్పు మనకు తెలియనిది కాదు, ధర్నా మనకు కొత్త కాదు.

రాష్ట్రం తెచ్చుకున్నది జెండా మార్చుకోవడానికి కాదు. మన రూపాయి మన ఊళ్లో తిరగాలె, మన పిల్లలు మన ఊళ్లో బతకాలె. ఆ లెక్క తేలేదాకా అడుగుతూనే ఉంటాం.