ఆస్తి అతనిది, అప్పు ఆమెదా?

విడాకుల కేసు మన దగ్గరకు రాగానే భరణం గురించి అడుగుతాం, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారని అడుగుతాం, పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం గురించి అడుగుతాం. అప్పుల సంగతి మాత్రం బ్యాంకు నోటీసు వచ్చాకే గుర్తొస్తుంది. కాపురం కోసం చేసిన అప్పును విడిపోయాక ఎవరు తీర్చాలి? మన వివాహ చట్టాల్లో ఈ ప్రశ్నకు సూటి సమాధానం లేదు. చట్టం మౌనంగా ఉన్నచోట భారం ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు.

1955 నాటి హిందూ వివాహ చట్టాన్నే చూద్దాం. 25వ సెక్షన్ శాశ్వత భరణం గురించి చెబుతుంది. 27వ సెక్షన్ పెళ్ళి సమయంలో వచ్చి, ఇద్దరికీ చెందే ఆస్తికి సంబంధించినది. కాపురంలో కూడబెట్టినదాన్ని గానీ, చేసిన అప్పును గానీ పంచే పద్ధతి అందులో లేదు. గోవా వంటి ఒకటి రెండు ప్రాంతాల్లో తప్ప, మన దేశంలో పెళ్ళి వల్ల భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి కాదు. ఆస్తి ఎవరి పేరన ఉంటే వారిది, అప్పు ఎవరు సంతకం పెడితే వారిది. పైకి ఈ సూత్రం ఇద్దరికీ సమానంగానే కనిపిస్తుంది. మరి మన ఇళ్ళలో దస్తావేజు మీద ఎవరి పేరుంటుంది? అప్పు కాగితం మీద ఎవరి సంతకం ఉంటుంది?

1992లో నాబార్డు బ్యాంకు అనుసంధానం మొదలుపెట్టిన తర్వాత తెలుగు పల్లెల్లో అప్పు ఆడవాళ్ళ పేరన ఇంట్లోకి రావటం మామూలైంది. డ్వాక్రా గ్రూపులో తెచ్చిన డబ్బు ఆటోకో, బోరుకో, ఆడబిడ్డ పెళ్ళికో పోతుంది. ఆటో అతని పేరన, వాయిదా ఆమె పేరన. అతను వదిలేసి వెళ్ళినా నెలనెలా మీటింగులో డబ్బు కట్టవలసింది ఆమే. కట్టకపోతే గ్రూపుకు మళ్ళీ అప్పు పుట్టదు కనుక తోటి ఆడవాళ్ళే ఆమెను నిలదీస్తారు.

పట్నంలో ఉద్యోగం చేసే స్త్రీ పరిస్థితి వేరేమీ కాదు. ఇంటి అప్పుకు ఇద్దరి జీతాలూ చూపిస్తారు, ఇద్దరూ సంతకం చేస్తారు, రిజిస్ట్రేషన్ మాత్రం భర్త పేరన జరుగుతుంది. వాయిదాలు అతని ఖాతాలోంచి, బియ్యం, ఫీజులు, మందులు ఆమె జీతంలోంచి. పదేళ్ళ తర్వాత అతని చేతిలో రసీదులు, ఇల్లు రెండూ ఉంటాయి. ఆమె డబ్బు తిండికి, చదువులకు కరిగిపోయింది, దానికి రసీదు లేదు. అతను వాయిదా ఆపేస్తే బ్యాంకు ఆమె గుమ్మం తొక్కుతుంది.

ఇక్కడ మనం తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు కలిసి తెచ్చిన అప్పు మొత్తాన్ని వారిలో ఒక్కరి నుంచే వసూలు చేయవచ్చు. 128వ సెక్షన్ ప్రకారం జామీను ఉన్నవారి బాధ్యత, వేరే ఒప్పందం లేకపోతే, అసలు రుణగ్రస్తుడి బాధ్యతతో సమానం. పరస్పర అంగీకార విడాకుల్లో 'అప్పు భర్తే తీర్చాలి' అని రాసుకున్నా ఆ రాతకు బ్యాంకు కట్టుబడదు. ఆమె ముందు కట్టి, తర్వాత అతని మీద దావా వేసుకోవాలి.

అయితే అప్పులన్నీ సగం సగం పంచితే న్యాయం కాదా అని కొందరు అడుగుతారు. ఆస్తిలో సగం ఇవ్వకుండా అప్పులో సగం ఇవ్వటం సమానత్వం కాదు. డబ్బు ఎక్కడికి పోయిందన్నదే కొలత కావాలి. అప్పుతో కొన్న వస్తువు ఎవరి దగ్గర ఉంటే ఆ అప్పు వారిది. పిల్లల చదువుకు, వైద్యానికి చేసిన అప్పును సంపాదనను బట్టి పంచాలి. తాగుడుకు, పేకాటకు, చాటుగా చేసిన అప్పును చేసినవారే తీర్చాలి. ఆమె తన సొంతానికి తెచ్చుకున్నది ఆమే తీర్చుకుంటుంది. భర్త వ్యాపారం కోసం తాకట్టు పెట్టిన ఆమె నగలు విడిపించే బాధ్యత అతనిదే. స్త్రీధనం భర్త చేతిలో ఉన్నా భార్యదేనని ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది.

రజనీష్, నేహా కేసులో 2020లో ఇచ్చిన తీర్పు ప్రకారం భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. భరణం తగ్గించుకోవటానికి మగవాళ్ళు తమ వాయిదాలన్నీ అందులో చూపిస్తారు. మన దగ్గరకొచ్చే స్త్రీలు గ్రూపు అప్పును కూడా రాయకుండా ఆ గడి ఖాళీగా వదిలేయకూడదు. మొదటి కౌన్సెలింగులోనే ప్రతి అప్పుకూ సంతకం ఎవరిది, డబ్బు దేనికి వాడారు, వస్తువు ఎవరి దగ్గరుంది అని రాయించాలి. పరస్పర అంగీకార కేసుల్లో, డిక్రీ రాకముందే, ఆమె పేరు తొలగించినట్టు బ్యాంకు నుంచి కాగితం తెప్పించాలి. బెదిరించి సంతకం పెట్టించిన అప్పుల విషయంలో 2005 నాటి గృహహింస చట్టంలోని ఆర్థిక హింస నిర్వచనం కింద వాదించాలి.

భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ప్రతిపాదించిన వివాహ చట్టాల సవరణ బిల్లు 2013లో రాజ్యసభ దాటింది కానీ, 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. ఆ వాటా కోసం మళ్ళీ పోరాడవలసిందే. ఈసారి మన డిమాండ్లలో ఆస్తి పక్కనే అప్పు కూడా ఉండాలి. అప్పుల మాట లేని ఆస్తి హక్కు ఆమె చేతికి వచ్చేలోపే వాయిదాలకు పోతుంది.