క్యూసెక్కుల సీమలో మెగావాట్ల లెక్క

పోతిరెడ్డిపాడు పేరు వినని తెలుగువాడు అరుదు. రెండు రాష్ట్రాల అసెంబ్లీల్లో, కోర్టుల్లో, కృష్ణా బోర్డు సమావేశాల్లో ఏటా మోగే పేరది. అది ఏ మండలంలో ఉందని అడిగితే మాత్రం కర్నూలు, నంద్యాల దాటాక చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఉన్నది జూపాడు బంగ్లా మండలంలో. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు వెనుక జలాలు అక్కడి హెడ్ రెగ్యులేటర్ గేట్లు దాటి, 16 కిలోమీటర్ల పైచిలుకు కాలువలో నడిచి బనకచర్ల చేరతాయి. అక్కడ పాయలుగా చీలి, ఒకటి తెలుగుగంగ పేరుతో వెలుగోడుకు, ఒకటి నిప్పులవాగు మీదుగా కుందూకు, ఇంకొకటి శ్రీశైలం కుడి కాలువగా గోరుకల్లు జలాశయానికి పోతాయి.

గోరుకల్లు నీళ్లకు ఈమధ్య సాగు, తాగు అవసరాలు కాక మరో పని పడింది. పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో సంస్థ కట్టిన పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుకు తొలి నింపుడు నీరు, సుమారు ఒక టీఎంసీ, అక్కడి నుంచే. నంద్యాల కొత్త జిల్లాగా ఏర్పడిన నెలన్నరకే, 2022 మే 17న, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి దానికి శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారాక 2025 జనవరిలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వెళ్లి చూసి మెచ్చుకున్నారు. సీమలో రెండు పక్షాలూ మెచ్చిన పథకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి.

అక్కడ జరిగేది చెప్పుకుంటే సులువైనదే. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు కింది జలాశయంలోని నీటిని కొండ మీది జలాశయానికి ఎక్కిస్తారు. సాయంత్రం వాడకం పెరిగినప్పుడు అదే నీటిని కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎక్కించడానికి 100 యూనిట్లు ఖర్చయితే దించినప్పుడు 75 నుంచి 80 యూనిట్లు తిరిగొస్తాయి. 1,680 మెగావాట్ల ఈ కేంద్రాన్ని దాదాపు ఆరు గంటలు నడపవచ్చు. పక్కన 3,000 మెగావాట్ల సౌర, 550 మెగావాట్ల పవన విద్యుత్తు కూడా పథకంలో భాగం. నీరు ఖర్చయిపోదు గానీ ఎండకు ఆవిరైనంత మేర ఏటా మళ్లీ పోయక తప్పదు. ఈ పద్ధతి మనకు కొత్త కూడా కాదు. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భ కేంద్రంలోని 900 మెగావాట్ల యూనిట్లు ఇలా నీటిని వెనక్కి తోడగలిగేవే.

వింత ఏమిటంటే, ఇదే నీటి గురించి క్యూసెక్కుల్లో మాట్లాడేటప్పుడు మన ప్రాంతానికున్న పట్టు, మెగావాట్ల దగ్గరికి వచ్చేసరికి జారిపోతోంది. ఈ కాలువకు నీరందడానికి శ్రీశైలంలో 854 అడుగుల మట్టం ఎందుకు ముఖ్యమో, 2005లో పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 11,150 నుంచి 44,000 క్యూసెక్కులకు పెంచిన జీవో ఏమిటో నందికొట్కూరు టీ కొట్టు దగ్గర తడుముకోకుండా చెప్పేవాళ్లున్నారు. 2016 మే 31న కృష్ణ మీద సిద్ధేశ్వరం అలుగుకు జనం తామే శంకుస్థాపన చేస్తామని కదిలినప్పుడు, పోలీసుల అడ్డంకులు దాటి వేలమంది వెళ్లారు. బొజ్జా దశరథరామిరెడ్డి నాయకత్వంలోని రాయలసీమ సాగునీటి సాధన సమితి అడిగినది అమూర్తమైన న్యాయం కాదు. ఫలానా చోట, ఫలానా కట్టడం అని అడిగింది. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక దాకా తారీఖులతో సహా వాదన నిలిపింది. ఉద్యమానికి అంతకంటే మంచి పాఠశాల ఉండదు.

ఇక కరెంటు సంగతి. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. 160 గిగావాట్లకు పైగా సామర్థ్యం, 10 లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అంది. ఆ గిగావాట్లలో పెద్ద భాగం దిగాల్సింది సీమ నేల మీదనే. ఎండా గాలీ ఇక్కడే ఉన్నాయి, ఎకరం ధరా ఇక్కడే తక్కువ. అయినా ఆ ఏడున్నర లక్షల్లో నంద్యాల జిల్లాకు ఎన్ని, అందులో పర్మినెంటు ఎన్ని, కాంట్రాక్టరు మస్టరు మీద ఎన్ని అని లెక్క కట్టమన్న ధర్నా ఒక్కటీ పేరున్నదిగా కనిపించదు.

ఉద్యోగాల హామీ ఎలా ముగుస్తుందో ఈ మండలాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శ్రీశైలం కూడా ఒకనాటి స్వచ్ఛ విద్యుత్తే. బొగ్గు లేదు, పొగ లేదు. దాని కింద 1981 ప్రాంతంలో కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగాయి, సంగమేశ్వరం గుడి మునిగింది. ముంపు కుటుంబానికొక ఉద్యోగం అంటూ 1986లో 98 నంబరు జీవో వచ్చింది. జీవో వచ్చేనాటికి పుట్టని పిల్లలు కూడా దాని పేరు చెప్పి కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు. కొందరికి లష్కర్ కొలువులు దక్కాయి, చాలామందికి దరఖాస్తు నంబరే మిగిలింది. ఆనకట్ట ఇచ్చిన వెలుగు రాష్ట్రమంతా పంచుకుంది, ముంపు మాత్రం ఇక్కడివాళ్ల పాలైంది. కొత్త ప్రాజెక్టుల సంగతి మాట్లాడేటప్పుడు 98 జీవో అనుభవాన్ని పక్కన పెట్టడం నాకు అర్థం కాదు.

గని–శకునాల సౌర పార్కు సంగతే చూద్దాం. గడివేముల, ఓర్వకల్లు మండలాల్లో 5,900 ఎకరాలకు పైగా నేలలో 1,000 మెగావాట్లు. 2017లో పూర్తయినప్పుడు ఒకే చోట ఉన్నవాటిలో ప్రపంచంలోనే పెద్దదిగా చెప్పుకున్నారు. అందులో 500 మెగావాట్లను 2015 నవంబరులో యూనిట్‌కు 4.63 రూపాయల ధరతో గెలుచుకున్నది అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్. ఆర్నెల్లు తిరగకుండానే ఆ కంపెనీ దివాలా తీసింది, ఇక్కడి ఆస్తులు గ్రీన్‌కో చేతికొచ్చాయి. సాఫ్ట్‌బ్యాంక్ అండతో 350 మెగావాట్లు పెట్టిన ఎస్‌బీ ఎనర్జీని 2021లో అదానీ గ్రీన్ కొనేసింది. పలకలు కదల్లేదు, కాపలా మనిషి మారలేదు, యజమాని మారాడు. కంపెనీ ప్రతినిధి గ్రామసభలో నోటిమాటగా ఇచ్చిన హామీకి ఎంత ఆయుష్షుంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది. హామీ భూమి ఒప్పందంలో రాసుంటే యజమానితో పాటు చేతులు మారుతుంది. లేకుంటే పాత యజమానితోనే పోతుంది.

ఉద్యోగాల సంఖ్య గురించి ఇంకో మాట. సీఈఈడబ్ల్యూ, ఎన్‌ఆర్‌డీసీ సంస్థలు 2017లో ఇచ్చిన అంచనా ప్రకారం నేల మీద పరిచే సోలార్ ఒక్కో మెగావాటుకు 3.45 ఉద్యోగ సంవత్సరాల పని ఇస్తుంది. ఒక మనిషికి ఒక ఏడాది పని దొరికితే ఒక ఉద్యోగ సంవత్సరం. అదే ఇంటి కప్పుల మీద పెట్టేదైతే మెగావాటుకు 24.72. అంటే ఏడు రెట్లు. పెద్ద పార్కులో పని కట్టేటప్పుడే. కట్టడం అయిపోయాక మిగిలేది పలకలు కడగడం, గడ్డి కోయడం, రాత్రి కాపలా, కొద్దిమంది టెక్నీషియన్లు. ఇంటి కప్పు మీద అలా కాదు. కొలతకు ఒకరు, స్టాండు బిగించడానికి ఇద్దరు, వైరింగుకు ఒకరు, మీటరు మార్పించడానికి ఆఫీసు చుట్టూ తిరిగేందుకు మరొకరు కావాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరుల్లో ఐటీఐ చదివిన కుర్రాడికి ఊళ్లోనే పని కావాలంటే పెద్ద పార్కు కంటే ఊరి మిద్దెలే ఎక్కువ భరోసా. శంకుస్థాపన ఫోటోకు మిద్దె పనికిరాదు, అది వేరే విషయం.

భూమి దగ్గర లెక్క మరీ ఆసక్తికరం. పట్టా భూమి కౌలుకిచ్చిన రైతుకు ఎకరాకు ఏటా 30 వేల రూపాయల దరిదాపు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు అని గత ప్రభుత్వం చెప్పింది. వానాధారం మీద శనగో కందో వేసి ఏటా దేవుడి మీద భారం వేసే రైతుకు అది తక్కువేం కాదు. అమ్ముకోవడం కంటే కౌలు వెయ్యి రెట్లు మేలు కూడా. అయితే అవతలివైపు చూడాలి. మెగావాటుకు ఐదెకరాలు అనుకుందాం, కౌలు లక్షన్నర. ఇక్కడి ఎండకు మెగావాటు ఏడాదికి 19 లక్షల యూనిట్ల దాకా ఇస్తుంది. యూనిట్ రెండున్నర రూపాయల లెక్కన 47 లక్షల రూపాయల చిల్లర. అందులో నేలకు దక్కేది మూడు శాతం. సగం పంట కౌలు చూసిన ప్రాంతమిది. మూడు శాతం ఎలా కుదిరిందని ఎవరైనా అడగాలి కదా.

కౌలు కూడా పట్టా ఉన్నవాడికే. బంజరు అని రికార్డులో రాసిన గడ్డిబీళ్లలో గొర్రెలు మేపుకునేవాడికి ఏ కాలమ్‌లోనూ చోటు లేదు. బీడు అంటే ఖాళీ అని మన రెవెన్యూ శాఖకు బ్రిటిష్ కాలం నుంచీ ఒక నమ్మకం. ఆ నమ్మకం ఎంత తప్పో మిడుతూరు మండలం రోళ్లపాడు చెబుతుంది. అక్కడి గడ్డిమైదానంలో బట్టమేక పిట్టలున్నాయని 1988లో అభయారణ్యం ప్రకటించారు. అలగనూరు జలాశయం, కాలువ నీళ్లు వచ్చాక చుట్టూ పంటల తీరు మారింది. ఇప్పుడు పిట్ట కానరావడం లేదు. ఆ పాపం సోలార్ ఖాతాలో వేయలేం, పెద్ద వాటా మనం కొట్లాడి తెచ్చుకున్న నీటిదే. కానీ మిగిలిన గడ్డినేలల్లో ఏముందో చూడకుండా పలకలు పరిస్తే రెండోసారి అదే జరుగుతుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో ఇదే పిట్ట కోసం కరెంటు తీగలు భూమిలో వేయాలా వద్దా అని సుప్రీంకోర్టు 2021లో ఒక మాట, 2024లో సవరించి మరో మాట చెప్పాల్సి వచ్చింది. పలకలు పరిచే ముందు ఊరిని అడిగే ఏర్పాటూ లేదు. సౌర పార్కులకు 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అవసరం లేదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు.

పర్యావరణం అన్న మాటంటేనే సీమలో కొంత అనుమానం ఉందని ఒప్పుకోవాలి. 2020లో రాయలసీమ ఎత్తిపోతల పథకం ఆగింది పర్యావరణ అనుమతి లేదని చెన్నై గ్రీన్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వుతోనే. మన నీళ్లకు అడ్డుపడే చట్టం మనకెలా చుట్టమవుతుందని రైతు అడిగితే తప్పు పట్టలేం. అందుకే ఇక్కడ పచ్చదనం వాదన పిట్టలతో మొదలుపెడితే ఎవరూ వినరు, వాటాతో మొదలుపెడితే వింటారు.

వాటా అన్నప్పుడు కొన్ని కాగితాలు తిరగేయాలి. 2008 జలవిద్యుత్ విధానం ప్రకారం జలవిద్యుత్ కేంద్రం ఉన్న రాష్ట్రానికి 12 శాతం ఉచిత విద్యుత్తు, స్థానిక ప్రాంత అభివృద్ధి నిధికి మరో ఒక శాతం ఇవ్వాలి. 2023 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ పంప్డ్ స్టోరేజీ మార్గదర్శకాలు తెచ్చి ఉచిత విద్యుత్తు బాధ్యత తీసేసింది. నదికి దూరంగా కట్టేవాటికి స్థానిక నిధీ అక్కర్లేదంది. ఇళ్లు మునగవు, నష్టం తక్కువ అన్నది కారణం. కొంత నిజమే. కానీ నిధి అంటే నష్టపరిహారం ఒక్కటేనా? అటు బేతంచెర్ల, అవుకుల వైపు నాపరాయి తవ్వితే రాయల్టీలో కొంత భాగం 2015 చట్ట సవరణ ప్రకారం జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు జమవుతుంది. రాయికి ఉన్న ఆ మర్యాద ఎండకు లేదు. జర్మనీ ఈ ప్రశ్నను దాటవేయలేదు. గాలిమరలు, సోలార్ పార్కులు ఉన్న స్థానిక సంస్థలకు యూనిట్‌కు 0.2 యూరో సెంట్ల దాకా, మన లెక్కలో 20 పైసల దరిదాపు, చెల్లించేందుకు చట్టంలోనే దారి వేసింది. డెన్మార్క్ 2009లో గాలిమరకు నాలుగున్నర కిలోమీటర్లలోపు ఉన్నవాళ్లకు 20 శాతం వాటాలు కొనుక్కునే హక్కు ఇచ్చింది. అంత వద్దు. యూనిట్‌కు ఐదు పైసలు చాలు. గని–శకునాల వెయ్యి మెగావాట్ల మీదనే ఏటా తొమ్మిదిన్నర కోట్లు ఆ రెండు మండలాల పంచాయతీలకు వస్తాయి. రాష్ట్రం 2020 ఎగుమతి విధానంలో మెగావాటుకు ఏటా లక్ష రూపాయల గ్రీన్ ఎనర్జీ చార్జీ పెట్టుకుంది. అడిగే నోరుంటే వసూలు మార్గం ఉంటుందన్నమాట. ఆ డబ్బు ఏ ఊరి ఖాతాకు రావాలన్నదే మిగిలిన ప్రశ్న.

ఐదు పైసలు వేస్తే పెట్టుబడి పారిపోతుందంటారు. పెట్టుబడిని నిజంగా భయపెట్టినది వేరే. 2019 జూలైలో ప్రభుత్వం పాత సౌర, పవన ఒప్పందాలను తిరగదోడేందుకు కమిటీ వేసింది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ధరే చెల్లించాలని తేల్చేదాకా బిల్లులు నలిగాయి. ధర ఎక్కువన్న వాదనలో పస లేకపోలేదు. ఆ గొడవలో డిస్కంలున్నాయి, కంపెనీలున్నాయి, బ్యాంకులున్నాయి, విదేశీ రాయబారులు కూడా మాట్లాడారు. నేల ఇచ్చిన జిల్లా ఎక్కడా కక్షిదారు కాదు.

పోనీ ఆ కరెంటు ఇక్కడ వాడతామా అంటే అదీ కాదు. ఆర్సెలార్ మిట్టల్ సంస్థ ఇక్కడ పెట్టిన 975 మెగావాట్ల గాలి, ఎండ విద్యుత్తు పిన్నాపురం నిల్వతో కలిసి గుజరాత్‌లోని హజీరా ఉక్కు కర్మాగారానికి ఉద్దేశించింది. దేశం ఒకటే, గ్రిడ్డూ ఒకటే, అభ్యంతరం లేదు. కానీ జూపాడు బంగ్లా పక్కనే, నందికొట్కూరు మండలం మల్యాలలో హంద్రీనీవా పంపులున్నాయి. ముచ్చుమర్రిలో ఇంకొన్ని ఉన్నాయి. వాటిని తిప్పేందుకు కరెంటు బిల్లు ఎవరు కడతారన్నది ప్రతి బడ్జెట్‌లో తలనొప్పే. సీమ గాలిమరలు ఎక్కువ తిరిగేది నైరుతి రుతుపవనాల్లో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. శ్రీశైలానికి వరద వచ్చేదీ దాదాపు ఆ రోజుల్లోనే. అంటే ఎత్తిపోయడానికి నీరున్న వారాల్లోనే గాలి కూడా ఉంటుంది. ఇక్కడ పెట్టే ప్రతి గాలిమరల ప్రాజెక్టు నుంచి ఆ మూడు నాలుగు నెలలు ఎత్తిపోతలకు ఇంత భాగం, ఇంత ధరకు అని ఒప్పందంలోనే రాయించవచ్చు. 854 అడుగుల మట్టం కోసం జీవోలు తిరగేసిన సాగునీటి సంఘాలే ఈ కోరిక పెట్టాలి. అవుకు, పాణ్యం కొండల మీద తర్వాతి ప్రాజెక్టులకు నీటి కేటాయింపు కాగితాలు కదిలేటప్పుడే పెట్టాలి, ఎందుకంటే గోరుకల్లు తూము తెరిచాక బేరమాడటానికి చేతిలో ఏమీ ఉండదు.